కోటులో కనబడని చోటు

బల్లమీద ఫోను టింగుమందంటే చాలు, తల్లికి గుండె ఝల్లుమనేది. ఎవరో పోయారనుకునేది. ఎవరూ పోలేదని తేలాక, అయితే కూతురికేదో మాటొచ్చిందనుకునేది. అదీ కాదని తేలినా ఆ గుండె వెంటనే కుదుటపడేది కాదు. ఇవాళ కాకపోతే రేపు అన్నట్టు కాసేపు అలాగే కొట్టుకునేది. తాడును చూసి పామనుకునేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. ఈవిడ తాడు లేనిచోట కూడా పామునే చూడగలదు. కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే ఏ ఆస్పత్రిలో వెతకాలో ముందే లెక్క వేసుకుని, చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడి ఉండేది.

అటువంటి తల్లి ఇంట్లో రోజుకి ఇరవైసార్లు టింగుమనే ఫోను పెట్టుకుని కూతురు సొంత వ్యాపారం మొదలుపెట్టి నాలుగు నెలలయింది.

కూతురిది రఫ్ఫు పని. అంటే చిరిగిన చోట అతుకు వెయ్యడం కాదు, దగ్గరికి లాగి కుట్టెయ్యడమూ కాదు. అదే బట్ట లోపలి మడతలోంచి, ఎవరి కంటా పడని అంచులోంచి పోగులు లాగి, ఆ పోగుల్నే పడుగూ పేకా వరస తప్పకుండా చిల్లులో మళ్ళీ నేస్తుంది. మినపగింజంత చిల్లుకే ఒక పూట పడుతుంది. పని అయ్యాక చేత్తో తడిమినా తెలియదు. అంచులోంచి పోగులు లాగిపెట్టడం తల్లి వంతు. ఏడో తరగతితో చదువు ఆగిపోయినా, కళ్ళద్దాలు పెట్టుకుంటే పోగు తెగకుండా లాగడంలో ఆవిడ చెయ్యి ఇప్పటికీ చెయ్యే.

అంతకుముందు కూతురు తొమ్మిదేళ్ళు ఒక డ్రైక్లీనింగ్ షాపులో చేసింది. వెనకగదిలో, ఆవిరి మిషన్ల పక్కన, కిటికీ లేని చోట ఒక కుర్చీ. ముందుగదిలో కౌంటరు దగ్గర ఓనరు బట్ట విప్పి చూపించి, "మా షాపు చెయ్యి పడితే అంతే మరి" అనేవాడు. ఆ చెయ్యి ఎవరిదో ఎవరికీ తెలియదు. చీటీ మీద తన పేరు కూడా వెయ్యమని ఒకసారి అడిగితే ఓనరు నవ్వాడు.

"బట్టమీద రఫ్ఫు కనపడకూడదు, షాపులో రఫ్ఫు చేసేవాళ్ళు కనపడకూడదు. అదేనమ్మా ఈ పని గొప్పతనం" అన్నాడు.

మరుసటి నెల ఆమె మానేసింది. మేడమీది రెండుగదుల వాటాలో ముందుగది కిటికీ కింద బల్ల వేసుకుంది. భూతద్దం బిగించిన దీపం ఒకటి కొనుక్కుంది. ఫోన్లో 'కనబడని కుట్టు' అని పేజీ తెరిచింది. ఓనరు మంచివాడో, లేక అలాంటి చెయ్యి మళ్ళీ దొరకదని తెలిసినవాడో గానీ, "ఎండలో తిరిగొస్తే నీడ విలువ తెలుస్తుంది. ఈ నెలాఖరుదాకా నీ కుర్చీలో ఎవర్నీ కూచోబెట్టను" అని ఈమధ్యే కబురు పంపాడు. కూతురు కూడా తల్లికి మాటిచ్చింది. నెలాఖరుకి పని నిలకడగా వస్తుంటే సరే, లేకపోతే మళ్ళీ ఆ వెనకగదిలోకే.

తల్లి మనసులో మాట పైకి అనలేదు గానీ, ఆవిడకి ఆ కుర్చీయే నయమనిపించేది. కిటికీ లేకపోతే ఏం? జీతం ఉంది. ఎవరైనా తిడితే ఓనర్ని తిడతారు.

వచ్చిన చిక్కేమిటంటే, ఈ పనిని నలుగురికీ చూపించడం ఎలాగో కూతురికి తెలియలేదు. కేకులు చేసేవాళ్ళు కేకు ఫోటో పెడతారు. జుట్టు కత్తిరించేవాళ్ళు జుట్టు చూపిస్తారు. ఈమె చిల్లు ఫోటో ఒకటి, బాగుచేశాక ఫోటో ఒకటి పక్కపక్కన పెట్టింది. రెండో ఫోటోలో ఏముంది? ఏమీ లేదు. ఉత్త బట్ట. దానికింద ఎవడో రాశాడు: "రెండూ వేరు వేరు స్వెట్టర్లు. ఎవరి చెవిలో పువ్వులు పెడతారు?"

"కేసు పెడతాడంటావా?" అంది తల్లి, అప్పటికే తలుపు గడియ వైపు చూస్తూ.

"దీనికి కేసేంటమ్మా. పొగిడాడనుకో. అంత బాగా కుదిరిందన్నమాట."

"పొగిడితే అట్లా తిడతారా?"

తరవాత సూది కదులుతుండగా వీడియో తీసింది. మూడు గంటల పని, చీమ నడక. దాన్ని అర నిమిషానికి కుదించి పెట్టింది. నలభైసార్లు చూశారని ఫోను చెప్పింది. అందులో పదకొండుసార్లు చూసింది తల్లే, ఎక్కడైనా వేలికి సూది గుచ్చుకుంటుందేమోనని.

అన్నిటికన్నా విచిత్రం ఇంకొకటి. వచ్చినవాళ్ళంతా సంబరపడి వెళ్ళేవాళ్ళు గానీ, పేజీలో ఒక్క మంచిమాట రాసేవాళ్ళు కాదు. కూతురు మెసేజీ చివర మర్యాదగా అడిగేది. వాళ్ళు రెండు చేతులు జోడించిన బొమ్మ పంపి ఊరుకునేవాళ్ళు. ఎందుకు రాస్తారు? చిరిగిందని ఎవరికీ తెలియకూడదనే కదా ఇక్కడికి వచ్చింది. "రాస్తే మా అత్తగారు చూస్తుందమ్మా" అని ఒకామె ఉన్నమాట చెప్పేసింది. నాలుగు నెలల్లో పేజీకి దక్కింది మూడు రివ్యూలు. ఒకటి పిన్ని రాసింది: "బంగారంలాంటి పిల్ల. చిన్నప్పట్నుంచీ ఎవరితోనూ గొడవపడి ఎరగదు. లెక్కల్లో ఫస్టు." కాకిపిల్ల కాకికి ముద్దేగానీ, లెక్కల్లో ఫస్టని చూసి కోటు తెచ్చేవాళ్ళెవరు?

నెల చివరికి తొమ్మిది రోజులుందనగా కిందింటి వదిన దారి చెప్పింది. మెట్లమీద కూచుని కూర తరుగుతూ చెప్పింది.

"మా తమ్ముడు ఏసీలు బాగుచేస్తాడు కదా వదినా. వాడి పేజీకి రెండొందల రివ్యూలు. ఊరికే వచ్చాయనుకున్నావా? మా మరదలు కూచుని ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి మరీ రాయించింది."

"ఫోన్ చేస్తే విసుక్కోరూ?"

"అడగందే అమ్మైనా పెట్టదు. మీ అమ్మాయికేమో నోరు లేదు. నువ్వడుగు. పెద్దదానివి, కాదంటారా?"

తల్లి ఆ మాట రెండు రోజులు నమిలింది. ఫోన్ చేస్తే తిడతారేమో. చెయ్యకపోతే ఎవరూ రారేమో. ఎవరూ రాకపోతే పిల్ల మనసు విరిగిపోతుందేమో. విరిగిన మనసుతో ఆ షాపుకి వెళ్ళి, ఆవిరి మిషను పక్కన పరాకుగా చెయ్యి పెడితే? మిషను కింద పడ్డ చెయ్యి కళ్ళముందు కనబడేసరికి ఆవిడ ఇక ఆగలేకపోయింది. కూతురు ఒక ముసలాయన శాలువా ఇచ్చిరావడానికి వెళ్ళిన మధ్యాహ్నం సొరుగు లాగి పుస్తకం తీసింది.

ఆ పుస్తకంలో ఒక్కో బట్టకీ ఒక్కో పేజీ. బట్ట ఏది, చిల్లు ఎక్కడ, పోగు ఎక్కణ్ణించి తీశారు, ఎవరిది, ఫోను నంబరు. కొన్ని పేజీల్లో పైమూల పెన్సిలుతో చిన్న సూదిబొమ్మ ఉంది. లెక్కపెడితే ఏడున్నాయి. చిన్నప్పుడు బళ్ళో బాగా రాస్తే మాస్టారు నక్షత్రం వేసినట్టు, పని బాగా కుదిరినచోట పిల్ల గుర్తు పెట్టుకుందనుకుంది తల్లి. మొదలుపెడితే మంచివాళ్ళతోనే మొదలుపెట్టాలి కదా. తన ఫోను తీసి మొదటి సూదిబొమ్మ నంబరు నొక్కింది.

ఎత్తినావిడ సంగతి వినగానే గుసగుసగా, "ఇప్పుడు కాదండీ, పక్కనే ఉన్నారు" అని పెట్టేసింది. ఎవరింట్లోనో ఒంట్లో బాగాలేనట్టుంది పాపం, అనుకుంది తల్లి. రెండోచోట ఒకాయన అంతా విని, "రాంగ్ నంబర్" అని గట్టిగా అరిచి పెట్టేశాడు. మూడోది గడియారాల షాపావిడ నంబరు.

"హలో" అంది మగగొంతు.

"కంగారుపడకండి. అందరూ బాగానే ఉన్నారు" అంది తల్లి. ఆవిడ ఏ ఫోనైనా అలాగే మొదలుపెడుతుంది.

"ఎవరండీ అందరూ?"

"మేమేనండీ. అమ్మగారున్నారా?"

"ఫోను షాపులో పెట్టి బయటికెళ్ళింది. నేను వాళ్ళాయన్నే. చెప్పండి."

"మరీ మంచిదండీ. నేను రఫ్ఫు అమ్మాయి వాళ్ళమ్మని. మీ కోటు చేశాం కదా, ఆ పేజీలో రెండు మంచిమాటలు రాస్తారేమోనని."

"ఏ కోటు?"

"బూడిదరంగు ఉన్నికోటండీ. మీ నాన్నగారిదట కదా. ఇస్త్రీపెట్టె అంటుకుని బొటనవేలి గోరంత కాలిపోతే, పాపం మీ ఆవిడ మా గుమ్మంలో కూలబడి ఎంత ఏడ్చిందనీ! మా అమ్మాయి ఐదు రోజులు కూచుంది. ఏమైనా తేడా తెలుస్తోందాండీ?"

అవతల బోలెడు గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి, ఒకదాని వెనక ఒకటి, ఏ రెండూ కలవకుండా.

"ఎక్కడ కాలింది?" అన్నాడాయన చివరికి.

అప్పుడు తెలిసింది తల్లికి. ఆ కాలిన సంగతి ఈయనకి తెలియనే తెలియదు.

"రాంగ్ నంబరండీ" అని పెట్టేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఫోను తీసుకెళ్ళి దిండు కింద పెట్టి, దిండుమీద దుప్పటి కప్పింది. పుస్తకం సొరుగులో ఎలా ఉన్నది అలా సర్దింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ సాయంత్రం కూతురొచ్చాక ఎందుకో మాట్లాడకుండా పోగులు లాగుతూ కూచుంది. "ఒంట్లో బాలేదా?" అని కూతురు రెండుసార్లు అడిగింది కూడా.

మర్నాడు మధ్యాహ్నం ఫోను టింగుమంది. కూతురు చూసుకుంది. సూది పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

"ఏమైంది?" అంది తల్లి. ఏమైందో ఆవిడకి తెలుసు.

కూతురు పైకి చదివింది. ఒక నక్షత్రం. "పని బాగానే చేస్తారు. కానీ ఎవరికీ చెప్పొద్దని బతిమాలిన సంగతి ఇంటాయనకే ఫోన్లో చెప్తారు. గుట్టుగా బాగుచేయించుకోవాలనుకునేవాళ్ళు ఇటువైపు రాకండి."

"కోటావిడే" అంది కూతురు. "నేనెవరికి చెప్పానమ్మా? ఆవిడకి మెసేజీ తప్ప ఎప్పుడూ ఫోన్ కూడా చెయ్యలేదే." తన ఫోనులో వెతకడం మొదలుపెట్టింది. పైకీ కిందికీ జరుపుతూ, తన తప్పేమైనా ఉందేమోనని తనే వెతుక్కుంటోంది. ఆ వెతుకులాట చూడలేకపోయింది తల్లి.

"నేనే."

"నువ్వేంటి?"

"నిన్న నేనే ఫోన్ చేశా. నాలుగు మంచిమాటలు రాయమందామని. సూదిబొమ్మ ఉన్నవాళ్ళకే చేశానే, నీకు బాగా నచ్చినవాళ్ళని."

కూతురు సూదిని సూదులదిండుకి గుచ్చింది.

"సూదిబొమ్మ అంటే నోరు కుట్టేసుకోమని గుర్తమ్మా. ఇంట్లోవాళ్ళకి తెలియకూడదన్న వాళ్ళవి అవి. ఎందరికి చేశావ్?"

"ముగ్గురికే."

"మిగతా ఇద్దరూ ఏమన్నారు?"

"ఒకావిడ గుసగుసలాడింది. ఒకాయన రాంగ్ నంబరన్నాడు."

కూతురికి నవ్వు రాబోయి పెదవి దగ్గర ఆగిపోయింది. ఆ నవ్వు ఆగడం చూశాక తల్లికి తిట్టినా బాగుండుననిపించింది.

"తిట్టవే. ఊరుకోకు."

"తిడితే ఏమొస్తుంది? నాకు పని పోతుందని కాదమ్మా. ఆవిడ మన గుమ్మంలో ఏడ్చింది. నేను 'మీకేం భయం లేదు' అన్నాను. ఆ మాట నాది."

"నేను వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకుంటా."

"వద్దు. నువ్వెళ్తే ఇంకో మూడు సంగతులు చెప్పొస్తావ్."

కోటావిడకి కూతురు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి ఆ రివ్యూ కింద రాసింది: "తప్పు మావైపే జరిగింది. క్షమించండి. ఇంకెప్పుడూ జరగదు." తల్లి భుజంమీదుగా చూసి, "మా అమ్మ చేసిందని రాయి, నిన్నెందుకంటారు" అంది.

"నీ సంగతి కూడా బయటపెట్టాలా? చాల్లే."

ఆ రోజే ఒకరు, మర్నాడు ఇంకొకరు, ఇవ్వబోతున్న పని మానుకున్నారు. 'వేరేచోట చూసుకుంటాం' అని మాత్రం రాశారు. కూతురు బల్లమీద మిగిలిన రెండు స్వెట్టర్లూ చేసుకుంటూ, మాటల మధ్యలో మామూలుగా అన్నట్టే అంది: "సోమవారం షాపుకెళ్తానని ఓనరుకి చెప్తాను. నెలాఖరుదాకా ఆగి చేసేదేముంది."

నాలుగు నెలలుగా తల్లి కోరుకున్నది ఇదే. కుర్చీ, జీతం, తిట్లు ఓనరుకి. మరి ఇప్పుడెందుకు గుండెమీద బండ దిగలేదో ఆవిడకి అర్థం కాలేదు. కిటికీ కింద కూచున్న కూతుర్ని చూసింది. వెలుతురు పక్కనుంచి పడుతోంది. పోగు ఆ వెలుతురుకి ఎత్తి పట్టుకుని రంగు చూస్తోంది. ఈ పిల్ల తొమ్మిదేళ్ళు కిటికీ లేనిచోట రంగులు ఎట్లా చూసిందో అని అప్పుడు మొదటిసారి అనుకుంది తల్లి. ఇన్నాళ్ళూ రాబోయే ఆపదల్ని లెక్కపెట్టుకుంటూ, అయిపోయిన తొమ్మిదేళ్ళ వైపు ఆవిడ చూడనే లేదు.

శనివారం పొద్దున్న తలుపు చప్పుడైంది. తల్లి తీసింది. చేతిమీద బూడిదరంగు కోటు వేసుకుని ఒకాయన. యాభై దాటిన మనిషి, చొక్కా జేబులోంచి కంటికి పెట్టుకునే భూతద్దం తొంగిచూస్తోంది. ఆ కోటు తల్లికి తెలుసు. దాని లోపలి అంచులో ప్రతి పోగూ తెలుసు. ఈయన కేకలేస్తాడు, వీధంతా పోగవుతుంది, మొగుడూపెళ్ళాలు విడిపోతారు, కోర్టులో తనని సాక్ష్యానికి పిలుస్తారు. ఇదంతా తలుపు తెరిచినంతసేపట్లో ఆవిడ చూసేసింది.

"రాంగ్ నంబరు మీరేనా అండీ?" అన్నాడాయన.

ఆ గొంతు ఫోనులోదే. తల్లి తలూపింది.

ఆయన లోపలికొచ్చి కోటు బల్లమీద పరిచాడు. పసిపిల్లని పడుకోబెట్టినట్టు, చేతులు రెండూ సర్ది మరీ పరిచాడు.

"నాలుగు రోజులుగా వెతుకుతున్నాను" అన్నాడు కూతురితో. "ముప్పై ఏళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్నాను. ఆవగింజలో సగముండే మరలు ఈ అద్దంతో చూసి బిగిస్తాను. ఎండలో చూశాను. దీపం కింద చూశాను. తిరగేసి చూశాను. నాకు దొరకలేదు. ఎక్కడో చూపించండి."

కూతురు కోటు ముట్టుకోలేదు. "క్షమించండి. చూపించలేను."

"అదేంటి? కోటు నాదే కదా."

"కోటు మీదేనండీ. కాలిన సంగతి ఆవిడది. ఆవిడనే అడగండి."

"అడగలేదనుకున్నారా? 'నీకు అద్దముంది కదా, వెతుక్కో' అంటోంది. నాలుగు రోజులుగా మా ఇంట్లో ఇదే మాట. చెప్పలేదేమని నేనంటే, దొరకందానికి చెప్పేదేముందని ఆవిడ." ఆయన తలగోక్కున్నాడు. "కోపం లేదండీ. అసలు కాలిందో లేదో తెలిస్తే చాలు. నిజం చెప్పాలంటే, నన్ను ఏడిపిస్తున్నారేమో అని కూడా అనుమానంగా ఉంది."

కూతురు సూది అందుకుంది. ఆయన తల్లివైపు తిరిగాడు. మొహంలో కొంచెం ఆశ.

"మీరు చెప్పండమ్మా. మీరు చెప్పేమనిషి కదా."

తల్లి కళ్ళు కోటుమీదికి పోబోయాయి. ఎడమజేబు మూతకి రెండు వేళ్ళ కింద. అక్కడే. ఆవిడ గబుక్కున చూపు కిటికీ వైపు తిప్పుకుంది. చెప్పకపోతే ఈయన ఇక్కణ్ణించి కదలడేమో. కోపమొచ్చి ఇంకో ఒక్క నక్షత్రం వేస్తాడేమో. చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది, మనిషి తేలిగ్గా ఇంటికెళ్ళిపోతాడు. మాట నాలుకమీదికొచ్చి నిలబడింది. నోటికి చీరకొంగు అడ్డం పెట్టుకుంది.

"మీకు తెలుసు కదా?" అన్నాడాయన.

"తెలుసండీ. పోగులు లాగింది నేనే."

"మరి?"

"చెప్పను."

కూతురు తలెత్తి తల్లిని చూసింది.

"ఫోన్లో అన్నీ చెప్పారు కదమ్మా, ఏడ్చిన సంగతితో సహా. ఇదొక్కటీ దాచి లాభమేంటి?"

"లాభం సంగతి నాకు తెలీదు నాయనా. ఆ రోజు చెప్పింది తప్పు. తప్పు చేశాను కదా అని పూర్తి చేస్తానా?" అంది తల్లి. "మంచినీళ్ళు తాగుతారా?"

ఆయన ఆవిడకేసి చూసి, కోటుకేసి చూసి, ఇక లాభం లేదన్నట్టు అద్దం తీసి జేబులో వేసుకున్నాడు. మంచినీళ్ళు మాత్రం రెండు గ్లాసులు తాగాడు. వెళ్ళేముందు కోటు మడతపెడుతూ ఎడమజేబు దగ్గరే ఆయన బొటనవేలు ఆగింది. తల్లి కొంగు మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుంది. వేలు ముందుకు జరిగిపోయింది.

ఆయన మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా ఆగాక కూతురు అంది: "నువ్వేనా ఆ మాటన్నది?"

"ఉండవే, తలుపు గడియ వెయ్యనీ. వాళ్ళావిడకి చెప్తాడంటావా, మనం మర్యాద చెయ్యలేదని?"

సాయంత్రం ఫోను టింగుమంది. నాలుగు నక్షత్రాలు. "నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. ఈ అమ్మాయి నా కోటు బాగుచేసిందట. నాలుగు రోజులు భూతద్దంతో వెతికాను, దొరకలేదు. వెళ్ళి అడిగితే చెప్పలేదు. వాళ్ళమ్మ కూడా చెప్పలేదు. ఒక నక్షత్రం అందుకే తగ్గించాను."

కూతురు ఈసారి నవ్వు ఆపుకోలేదు. "ఒకటి తగ్గించాడేం?" అని తల్లి మాత్రం దిగులుపడింది.

ఆదివారం కోటావిడ తన ఒక్క నక్షత్రాన్ని మూడు చేసింది. పాతమాటలు తీసెయ్యలేదు, వాటికింద ఒక వాక్యం చేర్చింది: "మావారికి ఇంకా దొరకలేదు. పని ఇవ్వచ్చు. ఫోన్ మాత్రం వాళ్ళమ్మగారి చేతికి ఇవ్వకుండా చూసుకోండి."

మొగుడూ పెళ్ళాల మాటలు రెండూ ఒకదానికింద ఒకటి ఉండేసరికి చదివినవాళ్ళు ఊరుకోలేకపోయారు. ఏ కోటు, ఎక్కడ కాలింది, నిజంగా దొరకలేదా అని అడిగేవాళ్ళు కొందరు. వాళ్ళ సంగతి అలా ఉంచితే, నిజంగా చిల్లులున్నవాళ్ళు కూడా వచ్చారు. ఇంతకాలం పెట్టిన ఫోటోలకీ వీడియోలకీ రాని జనం, వెతికి విసిగిపోయిన ఒక మనిషి మాటకి వచ్చారు. సోమవారం మధ్యాహ్నానికి ఆరుగురు. వాళ్ళలో మొదట ఫోన్ చేసినావిడ, ఇటు ఫోను ఎత్తగానే, "మీరు అమ్మగారా, అమ్మాయా? అమ్మాయైతేనే చెప్తా" అంది.

ఆ సాయంత్రమే కూతురు షాపు ఓనరుకి ఫోన్ చేసింది. తల్లి వంటగదిలో గిన్నె కడుగుతున్నట్టు నటిస్తూ నీళ్ళు కట్టేసి విన్నది.

"ఆ కుర్చీలో ఎవర్నైనా కూచోబెట్టుకోండి సార్" అంటోంది కూతురు. "లేదండీ, పొగరు కాదు. ఇక్కడ కిటికీ ఉంది."

తల్లి మళ్ళీ నీళ్ళు వదిలింది. ఆరుగురు. ఈ వారమే ఆరుగురైతే వచ్చేవారం పన్నెండు. పన్నెండుమంది బట్టల పోగులు చూస్తే పిల్ల కళ్ళేమైపోతాయి? ఇంతమంది గుట్టు ఇంట్లో పెట్టుకుంటే ఎవడైనా దొంగ రాడూ? దొంగకి కోటు కాదు, ఆ పుస్తకం దొరికితే? ఎన్ని కాపురాలు అందులో ఉన్నాయి!

బుధవారం ఒకావిడ కాగితంలో చుట్టిన కుర్రాళ్ళ స్వెట్టరు ఒకటి తెచ్చింది. మోచేతి దగ్గర కుక్క కొరికిన చిల్లు. ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఇది మా అబ్బాయికి ప్రాణం. ఊరినుంచి వచ్చేలోపు అయిపోవాలి. కుక్క సంగతి వాడికి తెలియకూడదు" అంది.

"ఏ కుక్కండీ?" అంది తల్లి అమాయకంగా, స్వెట్టరు అందుకుని అంచు తిరగేస్తూ.

ఆవిడ నవ్వింది. కూతురు పెన్సిలు తీసుకుని సొరుగు లాగింది. ఇంకో సొరుగు లాగింది. బల్ల కింద చూసింది, దిండు ఎత్తి చూసింది.

"అమ్మా, పుస్తకమేది?"

తల్లి వచ్చినావిడకేసి ఒకసారి చూసింది. తలుపు వేసి ఉందో లేదో చూసింది. పోగు లాగుతూ తల వంచుకునే అంది.

"ఆవిడ వెళ్ళాక చెప్తా."